లారీ మీంచి దిగిన సిటీ బస్సు

మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకుని సిటీ బస్సు మొదటి మెట్టు మీద కాలు పెట్టడానికి ఎంత అవస్థ పడుతుందో రోజూ చూస్తూనే ఉంటాం. ఆ ఎత్తుకు కారణం మెట్టులో లేదు, బస్సు అడుగున ఉంది. దశాబ్దాల పాటు మన దేశంలో బస్సును బస్సుగా తయారు చేయలేదు. లారీకి వేసే చాసీనే బస్సుకూ ఇచ్చేవారు. ఆర్టీసీ దాన్ని కొని, హైదరాబాద్ మియాపూర్‌లో ఉన్నటువంటి సొంత యూనిట్లలో బాడీ కట్టించుకునేది. ఇంజను ముందు, డ్రైవర్ పక్కన. అక్కణ్నుంచి వెనక చక్రాల దాకా తిరిగే ఇనుప షాఫ్టు, కింద కమాన్ పట్టీలు. వీటన్నిటి పైన ఫ్లోరు వేస్తే అది నేలకు మీటరు పైనే తేలేది. సరుకు ఎక్కించడానికి పనికొచ్చే ఎత్తును మనుషులకు అంటగట్టారు.

గుమ్మం సంగతి మరీ ఘోరం. తలుపు ఉండేది కాదు, ఉన్నా మూసేవారు కాదు. హైదరాబాద్‌లో ముందు గుమ్మం ఆడవాళ్లది, వెనకది మగవాళ్లది. కండక్టరు రద్దీ మధ్యలో టికెట్లు కొడుతూనే ‘రైట్ రైట్’ అంటాడు, బస్సు కదులుతుంది. ఆ క్షణంలో ఫుట్‌బోర్డు మీద ఎవరి కాలు సగంలో ఉందో అతనికి కనిపించదు, డ్రైవర్‌కు అసలే కనిపించదు. జారిన మనిషికి వెనక చక్రం అడుగు దూరంలోనే ఉంటుంది. కాలేజీ కుర్రాళ్లు ఇలా పోయిన ప్రతిసారీ తప్పు వాళ్ల దూకుడుదే అన్నాం. తెరిచి ఉంచిన గుమ్మాన్ని ఎవరూ అడగలేదు.

2006లో బెంగళూరు బీఎంటీసీ వోల్వో సిటీ బస్సులు దింపింది. ఇంజను వెనక్కి వెళ్లింది, షాఫ్టు మధ్యలోంచి తప్పుకుంది, ఫ్లోరు కిందికొచ్చింది. కమాన్ పట్టీల బదులు గాలి బెల్లోలు. వాటిలో గాలి కొంచెం వదిలితే బస్సు ఫుట్‌పాత్ వైపు వంగుతుంది. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లో నగర బస్సుకు కొలతలు రాసింది: ఫ్లోరు ఎత్తు 400, 650 లేదా 900 మిల్లీమీటర్లు. గాలి ఒత్తిడితో డ్రైవరే మీట నొక్కి మూసే తలుపులు. తలుపు మూసుకోనిదే బస్సు కదలకుండా కట్టడి. నా దృష్టిలో అన్నిటికన్నా గొప్ప మార్పు ఇదే. అప్పటిదాకా ఒక కేక మీద ఆధారపడ్డ ప్రాణానికి యంత్రం పూచీ పడింది.

కాగితం మీది కొలతలు డిపోకు చేరడానికి మాత్రం డబ్బు కావలసి వచ్చింది. 2009లో ఆర్థిక మాంద్యానికి ఉద్దీపనగా, నగరాల పునరుద్ధరణకు కేంద్రం పెట్టిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద 15 వేలకు పైగా బస్సులు మంజూరయ్యాయి. కొనేవి ఈ కొలతలకు సరిపోవాలన్నది షరతు. హైదరాబాద్, విజయవాడ, విశాఖలకు కొత్త బస్సులు అలా వచ్చాయి.

2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలో ఒక యువతిపై సామూహిక అత్యాచారం జరిగిన బస్సులో మూసిన తలుపే గోడ అయింది. నల్ల ఫిల్ములు, తెరలు వేసుకుని తిరిగిన ఆ ప్రైవేటు బస్సులో ఏం జరుగుతోందో రోడ్డుకు తెలియలేదు. బయటికి పడకుండా కాపాడితే చాలదని, లోపలి మనిషి గొంతు బయటికి వినపడాలని దేశానికి అంత దారుణంగా తెలిసింది. ప్రయాణికుల వాహనాల్లో జాడ తెలిపే పరికరం, అత్యవసర బటన్ ఉండాలని 2016లో నోటిఫికేషన్ వచ్చింది. 2019 జనవరి 1 నుంచి కొత్త బస్సులకు అది తప్పనిసరి. అయితే బటన్ నొక్కితే అవతల కంట్రోల్ రూములో మనిషి ఉండాలి, ఆ మనిషి పంపితే కదిలే పోలీసు బండి ఉండాలి. పరికరం బిగించడంతో పని అయిపోయిందనుకునే చోట ఆ ఎర్ర బటన్ అలంకారమే.

తలుపుకూ అదే గతి. లోపల నిలబడ్డానికి చోటుంటేనే అది మూసుకుంటుంది. 2023 డిసెంబరులో తెలంగాణలో, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. పనికీ చదువుకూ చేతిలో చార్జీ లేక ఆగిపోయిన ఆడవాళ్లు బయటికి రాగలుగుతున్నారు, అది మంచి మాటే. కానీ జనం పెరిగినంతగా బస్సులు పెరగకపోతే ఫుట్‌బోర్డు మీద మళ్లీ కాళ్లే. కిందికి దిగిన ఫ్లోరు సంగతీ అంతే. బస్‌స్టాపులో ఆటోలు నిలబడితే 400 మిల్లీమీటర్ల ఫ్లోరున్న బస్సు కూడా రోడ్డు మధ్యలోనే ఆగుతుంది. చక్రాల కుర్చీ కోసం బిగించిన ర్యాంపు అప్పుడు ఫుట్‌పాత్‌ను అందుకోదు. కొత్తగా వస్తున్న ఎలక్ట్రిక్ బస్సులకు టెండర్లు పిలిచే అధికారులు బస్‌స్టాపులకు కూడా కొలతలు రాసి, ఆ టెండర్లలోనే వాటికి డబ్బు చూపించాలి.