కరెంటు తిరిగొచ్చిన మొదటి నిమిషాలు

విజయవాడ ఆటోనగర్, మే నెల మధ్యాహ్నం. కింద షెడ్లలోంచి వెల్డింగ్ చప్పుడు. లారీ విడిభాగాల హోల్‌సేల్ ఆఫీసు మేడ మీద మీరు నిలబడి ఉన్నారు. 40 బల్లలు, 40 ఇంటర్నెట్ ఫోన్లు. గోడవారగా ఒక పాత టవర్ కంప్యూటరు, అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై 4, ఫ్యాన్ లేని మినీ పీసీ. ఏ ఫోన్‌కు ఏ నంబరో, ఏ పేరో అందించే సర్వరుగా వీటిలో ఒకటి ఇవాళ ఇక్కడ స్థిరపడాలి.

టెక్నీషియన్ కుర్రాడు అట్టపెట్టెలోంచి కొత్త ఫోన్ తీసి నెట్‌వర్క్ కేబుల్ గుచ్చుతాడు. కరెంటు కూడా స్విచ్ నుంచి ఆ కేబుల్లోనే వస్తుంది. "ఇటు చూడండి సార్" అని ల్యాప్‌టాప్ మీ వైపు తిప్పుతాడు. ఫోన్ ముందుగా తనకో అడ్రసు అడిగింది. రౌటరు అడ్రసిచ్చి, 66వ ఆప్షన్‌లో సర్వరు ఎక్కడుందో కూడా చెప్పింది. ఫోన్ అక్కడికెళ్లి తన మ్యాక్ అడ్రసు పేరుతో ఉన్న ఫైలు అడిగింది. దొరకలేదని జవాబు.

"ఫోన్ స్మాల్ లెటర్స్‌లో అడుగుతోంది సార్, మనం క్యాపిటల్స్‌లో పెట్టాం. లినక్స్‌కి ఆ రెండూ వేరు." పేరు మార్చి మళ్లీ ఆన్ చేస్తాడు. ఈసారి ఫోన్ మీద 'గోడౌన్ 214' అని పడుతుంది.

ఆ ఫైలు కొద్ది కిలోబైట్లే. 40 ఫోన్లవీ కలిపినా ఈ మూడింటిలో దేనికీ లెక్కలోకి రావు. "అయితే చవకైంది పెట్టెయ్ బాబూ" అంటారు మేనేజరు గారు.

కుర్రాడు జవాబివ్వకుండా ల్యాప్‌టాప్‌ను అతిథుల వైఫైకి మారుస్తాడు. ఫోన్ వెనక స్టిక్కరు మీదున్న మ్యాక్ అడ్రసు చూసి ఒక్క కమాండు కొడతాడు. ఈ ఫైళ్లను అందిస్తున్న టీఎఫ్‌టీపీ పద్ధతికి పాస్‌వర్డు అడగడం తెలియదు. ఫైలు తెరుచుకుంటుంది. లైను పాస్‌వర్డు అక్షరాలా మీ కళ్ల ముందుంది. దాంతో ఎవరైనా ఈ ఆఫీసు ఖాతా మీద విదేశాలకు మాట్లాడుకోవచ్చు. మేనేజరు గారు కుర్చీ దగ్గరికి లాక్కుంటారు.

ఫోన్లను వీల్యాన్ అనే విడి నెట్‌వర్క్‌లోకి మార్చడం, ఫైళ్లను హెచ్‌టీటీపీఎస్ మీద ఇవ్వడం చకచకా అయిపోతాయి. కానీ హెచ్‌టీటీపీఎస్‌లో సర్వరు సర్టిఫికెట్ సరిచూడాలంటే ఫోన్‌కు ఇవాళ్టి తేదీ తెలియాలి. చాలా ఫోన్లు కరెంటు పోతే తేదీ మరిచిపోతాయి. లేవగానే సర్వరును అడుగుతాయి. మరి సర్వరుకు ఎవరు చెప్పాలి?

అందుకే అసలు పరీక్ష ఇప్పుడు. మూడింటినీ వంతులవారీగా తగిలిస్తూ, ప్రతిసారీ మెయిన్ ఆపి, 20 నిమిషాలాగి వేస్తాడు. ఉక్కపోతలో మీరూ ఎదురుచూస్తారు.

టవర్ లేవలేదు. ఎవరో వచ్చి బటన్ నొక్కాలి. బయోస్‌లో అది సరిచేయొచ్చు గానీ, దుమ్ము పట్టిన ఆ ఫ్యాన్‌ను నమ్మి 40 ఫోన్లు అప్పగించలేం. రాస్ప్‌బెర్రీ పై తనంతట తానే లేచింది. అయితే దాంట్లో బ్యాటరీ గడియారం లేదు. ఆగేముందు చివరిగా దాచుకున్న టైము నుంచే కాలం లెక్కపెడుతోంది. ఫైబర్ లైను ఇంకా రాలేదు కాబట్టి సరిదిద్దేవాళ్లూ లేరు. అన్ని ఫోన్లూ కనీసం 20 నిమిషాలు వెనక. ఆ తేడాతో సర్టిఫికెట్ చెల్లకుండా పోదు గానీ, మిస్డ్ కాల్స్ వేళలన్నీ తప్పు. పైగా రాస్తుండగా కరెంటు పోతే మెమరీ కార్డు పాడయ్యే భయం ఒకటి.

మినీ పీసీలో బిళ్ల బ్యాటరీ ఉంది, ఎస్‌ఎస్‌డీ ఉంది. ఫోన్లు లేచేసరికి సరైన టైముతో సిద్ధంగా ఉంది.

"అడ్రసులిచ్చే పనీ దీనికే అప్పగిద్దామా?" అంటారు మేనేజరు గారు.

"వద్దు సార్. అది రౌటరు దగ్గరే ఉండనివ్వండి. రేపు ఈ పెట్టె చచ్చినా, ఫోన్లు తమలో దాచుకున్న సెట్టింగులతో మోగుతూనే ఉంటాయి. అడ్రసే దొరక్కపోతే అన్నీ ఒక్కసారే మూగబోతాయి."

సరైన మాట. పెద్ద పెట్టె కొనడం కన్నా ఈ ఒక్క నిర్ణయమే ఆ ఆఫీసును ఎక్కువ కాపాడుతుంది.

మినీ పీసీ ర్యాక్‌లోకి వెళ్తుంది. రాస్ప్‌బెర్రీ పై బీరువాలో ఉంటుంది, అవసరానికి. సెట్టింగులు మారినప్పుడల్లా పెన్‌డ్రైవ్‌తో ఆ ఫోల్డరు దాంట్లోకీ ఎక్కించాలి. రెండింటికీ ఒకే అడ్రసు కనుక రెండూ ఒకేసారి తగిలించకూడదు.

"నువ్వు ఊళ్లో లేకపోతే ఎవరు మారుస్తారు?"

కుర్రాడు అకౌంటెంటు గారిని పిలుస్తాడు. "అక్కా, ఒకసారి రండి." ఆవిడ మినీ పీసీ కేబుల్ తీసి రాస్ప్‌బెర్రీ పైకి గుచ్చుతారు. ఒక ఫోన్ ఆపి వేస్తారు. పేరు పడుతుంది.

"ఇప్పుడు నేను చెప్పకుండా చెయ్యండి అక్కా" అంటూ కుర్రాడు పక్కకు జరుగుతాడు.