‘నైపుణ్యం’ అనే మాట: భారతదేశంలో జూద ప్రకటనల ప్రమాణాల చరిత్ర

జూద ప్రకటనకు హద్దు గీయదలచిన శాసనకర్త ముందు రెండు ప్రశ్నలుంటాయి. ప్రకటనలో చెప్పిన ఆట ఎటువంటిది అన్నది మొదటిది. ఆ ప్రకటన చదివినవారిని ఏమి చేస్తుంది అన్నది రెండవది. భారతదేశంలో సుమారు నూటయాభై ఏళ్లపాటు న్యాయస్థానాలూ శాసనసభలూ మొదటి ప్రశ్న చుట్టూనే తిరిగాయి. ఆట నైపుణ్యానిదా, అదృష్టానిదా అని తేలితే చాలు, ప్రకటన సంగతి దానంతటదే తేలిపోతుందని భావించాయి. ఈ భావన ఎలా స్థిరపడిందో, ‘నైపుణ్యం’ అన్న న్యాయశాస్త్ర పదం ఎలా వ్యాపార ప్రకటనల పల్లవిగా మారిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ పరిణామంలో కీలకమైన తీర్పు సికింద్రాబాదులోని ఒక పేకాట క్లబ్బు నుంచి పుట్టినది కావడం వల్ల తెలుగు ప్రాంతపు సామాజిక చరిత్రకు కూడ దీనితో సంబంధం ఉంది.

జూద ప్రకటనను నేరుగా పట్టించుకొన్న తొలి శాసనాలలో 1870లో భారత శిక్షాస్మృతికి చేర్చిన 294-ఎ సెక్షను ఒకటి. అనుమతి లేని లాటరీ నడపడానికి కార్యాలయం పెట్టడం ఒక నేరం, అటువంటి లాటరీలో బహుమతి చెల్లిస్తామన్న ప్రతిపాదనను ప్రచురించడం మరొక నేరం. ప్రచురణకు గరిష్ఠ జరిమానా వెయ్యి రూపాయలు. ఆ రోజుల్లో వెయ్యి రూపాయలు చిన్న మొత్తం కాదు. అయితే రూపాయి విలువ ఎంత పడిపోయినా ఆ అంకె మాత్రం మారలేదు. 2024 జూలైలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో అది అయిదు వేలయింది. ఈ సెక్షను లాటరీనంతటినీ తప్పుపట్టలేదన్నది ఇక్కడ గమనించదగిన విషయం. ప్రభుత్వం అనుమతించిన లాటరీ దాని పరిధిలోకి రాదు. అంటే నేరమన్నది ఆశ చూపడంలో లేదు, ఎవరు చూపుతున్నారన్న దానిలో ఉంది.

స్వాతంత్ర్యానంతరం సమస్య పత్రికల రూపంలో వచ్చింది. ప్రవేశరుసుము తీసుకొని పెద్ద బహుమతులు ఇచ్చే పదబంధాల పోటీలు 1940, 50 దశకాల్లో విరివిగా నడిచాయి. బెంగుళూరు నుంచి వెలువడిన ‘స్పోర్టింగ్ స్టార్’ పత్రిక ద్వారా ఆర్.ఎం.డి.సి. సంస్థ నడిపిన పోటీలు వీటిలో ప్రసిద్ధమైనవి. పేరుకు అవి భాషాజ్ఞానానికి పరీక్షలు. వాస్తవంలో పోటీదారుని సమాధానం భాషరీత్యా సరైనదా అన్నదానికంటే, నిర్వాహకులు ముందుగా నిర్ణయించుకొన్నదానితో సరిపోయిందా అన్నదే ఫలితాన్ని తేల్చేది. పత్రిక మైసూరు రాష్ట్రంలో అచ్చయినా పాఠకులు బొంబాయి రాష్ట్రంలో ఎక్కువ. అందువల్ల బొంబాయి ప్రభుత్వం తన 1948 నాటి చట్టాన్ని 1952లో సవరించి, రాష్ట్రం వెలుపల అచ్చయ్యే పత్రికల పోటీలను కూడ పన్ను పరిధిలోకి తెచ్చింది. 1955లో కేంద్రం చేసిన బహుమతి పోటీల చట్టం నెలకు వెయ్యి రూపాయలకు మించిన బహుమతి మొత్తాన్నీ, రెండు వేలకు మించిన ప్రవేశపత్రాలనూ నిషేధించింది. చట్టాన్ని ఉల్లంఘించిన పోటీని ప్రచురించిన పత్రికా ప్రతులను స్వాధీనం చేసుకొనే అధికారాన్ని కూడ ప్రభుత్వాలకు ఇచ్చింది.

ఈ రెండు చట్టాలపై సుప్రీంకోర్టు 1957 ఏప్రిల్ 9న, ఒకే రోజున, రెండు తీర్పులు చెప్పింది. బొంబాయి వ్యాజ్యంలో ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్ ఋగ్వేదం మొదలుకొని ధర్మశాస్త్రాల వరకు ప్రస్తావించి, జూదం వ్యాపారమే కాదనీ, రాజ్యాంగం వ్యాపారానికిచ్చిన స్వేచ్ఛ దానికి వర్తించదనీ నిర్ణయించారు. చరిత్రకారులు సాధారణంగా ఈ భాగాన్నే ఉదాహరిస్తారు. ప్రకటనల దృష్ట్యా అంతకంటే విలువైన భాగం మరొకటుంది. పత్రిక బొంబాయిలో ప్రచారంలో ఉన్నది, అందులోని ప్రకటన అక్కడి పాఠకునికి నిత్యాహ్వానంగా ఉన్నది, ప్రవేశపత్రాలనూ రుసుమునూ అక్కడే స్వీకరిస్తున్నారు. కాబట్టి ఆ రాష్ట్రానికి అధికారం ఉన్నదని న్యాయస్థానం అంగీకరించింది. ప్రకటన ఎక్కడ అచ్చయిందన్నది కాక ఎవరిని చేరిందన్నది లెక్కలోకి తీసుకొన్న ఈ ఆలోచన, తరువాత ఎవరూ ముందుకు తీసుకొనిపోని మంచి ఆరంభం. అదే రోజు వెలువడిన రెండవ తీర్పు 1955 చట్టాన్ని అదృష్టంపై ఆధారపడ్డ పోటీలకే పరిమితం చేసి, నైపుణ్యపు పోటీలను దాని వెలుపల ఉంచింది. తరువాతి వ్యాపారమంతా నడిచింది ఈ ద్వారం గుండానే.

ఆ ద్వారాన్ని విశాలం చేసినది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణ తదితరులకూ మధ్య నడిచిన వ్యాజ్యం. 1963లో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారిపై కేసు పెట్టారు. అప్పటికి ఆ ప్రాంతంలో అమలులో ఉన్నది నిజాం కాలపు జూద చట్టం. దాని సంవత్సరం 1305 ఫసలీ. హైకోర్టు నిందితుల పక్షాన నిలవగా, రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబరులో వెలువడి, 1968 నాటి తీర్పుల సంపుటాల్లో అచ్చయిన నిర్ణయంలో జస్టిస్ హిదయతుల్లా రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదన్నారు. పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకోవాలి, ఏ ముక్క ఉంచుకోవాలో ఏది వదులుకోవాలో తెలిసి ఉండాలి. కాబట్టి ఇందులో నైపుణ్యానిదే ప్రాధాన్యమని తేల్చారు.

అయితే తీర్పు అంతటితో ముగియలేదు. క్లబ్బు సభ్యుల నుంచి పేకముక్కలకూ సదుపాయాలకూ కొంత రుసుము తీసుకోవడం లాభార్జన అనిపించుకోదని చెబుతూనే, ఆ ఇంటి యజమాని రమ్మీ నుంచి గాని, పందెం కాసి ఆడే మరే ఆట నుంచి గాని లాభం గడిస్తున్నట్లు సాక్ష్యం ఉంటే నేరం నిలుస్తుందని న్యాయస్థానం స్పష్టం చేసింది. అంటే ఆట స్వభావంతోపాటు ఆడించేవాని లాభాన్ని కూడ తూచింది. అర్ధశతాబ్దం తరువాత ప్రతి ఆటలోనూ తన వాటా తీసుకొనే ఆన్‌లైన్ రమ్మీ సంస్థలు ఈ తీర్పునే తమకు అండగా చూపుకొన్నాయి. వాటి ప్రకటనల్లో మొదటి సగమే కనిపిస్తుంది. సర్వోన్నత న్యాయస్థానం దీనిని నైపుణ్యపు ఆటగా గుర్తించిందన్న వాక్యం వినియోగదారునికి నాణ్యతాముద్రలాగా పనిచేసింది. శిక్ష నుంచి తప్పించుకోవడానికి పనికివచ్చిన వాదం, ఆడమని పిలవడానికి పనికివచ్చే హామీగా మారింది. రమ్మీలో నైపుణ్యం ఉన్నదన్నది నిజమే. కాని ఆ నైపుణ్యం ప్రకటన చూసి కొత్తగా వచ్చినవానికి ఉన్నదని తీర్పు ఎక్కడా చెప్పలేదు. నైపుణ్యం అధికంగా ఉన్న ఆటలో అది లేనివాడు ఓడిపోవడమే సహజం.

1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టం 15వ సెక్షను కూడ నైపుణ్యపు ఆటలను మినహాయించింది. 1995లో టాటా ప్రెస్ వ్యాజ్యంలో వాణిజ్య ప్రకటనకు భావప్రకటనా స్వేచ్ఛలో చోటు దక్కడంతో, చట్టబద్ధమైన వస్తువు ప్రకటనను ఆపడం మరింత కష్టమైంది. వస్తువు చట్టబద్ధమా అన్న ప్రశ్న మళ్లీ ఆట స్వభావం వద్దకే చేరేది. ఈ వలయాన్ని తెంచడానికి తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. ఆటను నిషేధించగలిగినా ప్రకటనను సరిహద్దు వద్ద ఆపలేకపోయాయి. ఉపగ్రహ ప్రసారాల్లో, క్రికెట్ పోటీల విరామాల్లో ఆ ప్రకటనలు ఈ రాష్ట్రాల ఇళ్లలోకి వస్తూనే ఉండేవి. కొన్నింటిలో ఈ రాష్ట్రాలవారు ఆడరాదన్న సూచన సన్నని అక్షరాల్లో ఉండేది. బెంగుళూరు పత్రిక విషయంలో 1957లో పనిచేసిన సూత్రం ఇక్కడ గుర్తుకు రాకపోవడం ఆశ్చర్యకరం.

రెండవ ప్రశ్నను ముందుగా వేసినవారు వేరే చోట ఉన్నారు. బ్రిటన్‌లో 1968 నాటి గేమింగ్ చట్టం, యాదృచ్ఛికంగా మన రమ్మీ తీర్పు అచ్చయిన ఏడాదిదే, కాసినోలను అనుమతిస్తూనే వాటి ప్రకటనలను కట్టడి చేసింది. ఉన్న కోరికకు తావివ్వవచ్చు గాని, లేని కోరికను పుట్టించరాదన్నది దాని వెనుక ఉన్న సూత్రం. 2005 చట్టం ఆ సూత్రాన్ని సడలించింది. 2007 నుంచి టెలివిజన్‌లో జూద ప్రకటనలు వెల్లువెత్తాయి. 2015లో పరిశ్రమే ప్రవేశపెట్టిన హెచ్చరిక, సరదా ఆగినప్పుడు ఆట ఆపమన్నది, ‘సరదా’ అన్న మాటనే మిగతావాటికంటే పెద్దగా అచ్చువేసింది. విమర్శల అనంతరం 2021లో దానిని మార్చారు. ప్రమాణాన్ని రాసే కలం ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

భారతదేశంలో ఈ రెండవ ప్రశ్నను స్పష్టంగా వేసిన పత్రం భారత ప్రకటన ప్రమాణాల మండలి రూపొందించగా 2020 డిసెంబరు 15 నుంచి అమలైన మార్గదర్శకాలు. పద్దెనిమిదేళ్లలోపువారు ఆడుతున్నట్లు చూపరాదు. ఆటను ఆదాయమార్గంగానో ఉద్యోగానికి ప్రత్యామ్నాయంగానో చూపరాదు. ఆడేవారు ఇతరులకంటే విజయవంతులని సూచించరాదు. ముద్రిత ప్రకటనలో అయిదవ వంతు స్థలం ఆర్థిక నష్టం, వ్యసనం గురించిన హెచ్చరికకు కేటాయించాలి. దృశ్యశ్రవణ ప్రకటనలో ఆ హెచ్చరిక ప్రకటన భాషలోనే, మామూలు మాటల వేగంతో వినిపించాలి. ఈ చివరి నిబంధన చిన్నదిగా కనిపించినా, తెలుగు ప్రేక్షకునికి తెలుగులో ఆశ చూపి ఇంగ్లీషులో హెచ్చరించే పద్ధతిని తప్పుపట్టినది ఇదే. సమాచార ప్రసార శాఖ ప్రసారసంస్థలకు వీటిని పాటించమని సూచించింది. అయినా మండలి 1985లో ప్రకటనరంగమే ఏర్పరచుకొన్న సంస్థ. శిక్షించే అధికారం దానికి లేదు. పైగా మార్గదర్శకాలు చట్టం అనుమతించిన ఆటలకే వర్తిస్తాయి. అనుమతి లేని బెట్టింగ్ సంస్థలు వార్తా వెబ్‌సైట్ల పేరుతో తమ ముద్రను ప్రచారం చేసుకొంటున్నాయని 2022లో కేంద్రమే హెచ్చరించవలసి వచ్చింది.

2025 మార్చిలో హైదరాబాదు శివారు మియాపూర్‌లో పలువురు సినీనటులపై, సామాజిక మాధ్యమ ప్రచారకులపై కేసు నమోదైనప్పుడు, కొందరి పక్షాన వెలువడిన వివరణలు పాత తీర్పునే ఆశ్రయించాయి: తాము ప్రచారం చేసినది నైపుణ్యపు ఆటకేనన్నారు. సికింద్రాబాదు నుంచి బయలుదేరిన మాట అరవై ఏళ్లకు తిరిగి అదే నగరానికి చేరింది.

అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ ఆటల చట్టం డబ్బు ఆటను నిర్వచిస్తూ, అది నైపుణ్యానిదైనా, అదృష్టానిదైనా, రెండూ కలిసినదైనా ఒకటేనని చెప్పింది. అటువంటి ఆటను ప్రకటించినవారికి రెండేళ్ల వరకు జైలు, యాభై లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. 1957 నుంచి నడిచిన విభజనకు ఈ రంగంలో ఇది ముగింపు. ముగింపు ఆన్‌లైన్‌కు మాత్రమే పరిమితం. రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే లాటరీల పండుగ బంపర్ ప్రకటనలు ఇప్పటికీ వెలువడుతున్నాయి. న్యాయసంహిత 297వ సెక్షను ప్రభుత్వ లాటరీలకు ఇచ్చిన మినహాయింపు, పదాలు కొంత మారినా, 1870లో పెట్టినదే.