విక్టోరియా పబ్లిక్ హాలు (చెన్నై)

విక్టోరియా పబ్లిక్ హాలు చెన్నై నగరంలో సెంట్రల్ రైల్వే స్టేషనుకు సమీపమున, రిప్పన్ భవనమునకు పక్కన ఉన్న పురమందిరము. దీనికి 1883 డిసెంబరు 17న విజయనగర సంస్థానాధీశుడు పూసపాటి ఆనంద గజపతి రాజు శంకుస్థాపన చేశాడు. చందాలతో నిర్మితమైన ఈ భవనము ఎర్రని ఇటుక కట్టడమునకు, కేరళ పద్ధతి కప్పు గల గోపురమునకు ప్రసిద్ధి చెందినది. తెలుగు నాటకరంగముతోను, దక్షిణాదిన చలనచిత్ర ప్రదర్శనల తొలి రోజులతోను దీనికి గట్టి సంబంధమున్నది.

పూర్వరంగం

ఇంగ్లండులో టౌన్ హాలు అనగా పురపాలక సంఘపు కార్యాలయము. మన దేశంలో మాత్రము అనేక పట్టణాలలో ఆ పేరు సభలకు, ఉపన్యాసాలకు, నాటకాలకు ఉపయోగించే మందిరానికి స్థిరపడినది. మద్రాసులో అంతకు ముందే గొప్ప మందిరాలు లేకపోలేదు. 1802లో పూర్తయిన బాంక్వెటింగ్ హాలు (తరువాతి రాజాజీ హాలు) గ్రీకు దేవాలయమును పోలిన స్తంభాల వరుసతో కట్టబడినది. కాని అది గవర్నరు విందులకోసం కట్టినది, పౌరులది కాదు. 1850లో ప్రారంభమైన పచ్చయప్ప హాలు కూడ ఏథెన్సులోని ఒక దేవాలయము నమూనాలో నిర్మించినదే. అది విద్యాసంస్థకు చెందినది. నగరప్రజలు తమదని చెప్పుకొనదగిన సభాస్థలము మాత్రము లేదు.

1882 మార్చిలో అదే పచ్చయప్ప హాలులో నగరప్రముఖులు సమావేశమై పురమందిర నిర్మాణానికి తీర్మానించిరి. ధనసేకరణకై ఒక సంఘము ఏర్పడినది. దాతలలో ఆనంద గజపతి రాజుతో పాటు తిరువాన్కూరు, మైసూరు, పుదుక్కోట్టై సంస్థానాల ప్రభువులు కూడ ఉన్నారు.

విజయనగరంతో సంబంధం

విజయనగర ప్రభువు మద్రాసులో శంకుస్థాపన చేయుట నేటి పాఠకులకు వింతగా తోచవచ్చును. ఆనాడు విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలు మద్రాసు రాజధానిలోనివే. చట్టాలు చేసే సభ, ఉన్నత న్యాయస్థానము, విశ్వవిద్యాలయము అన్నీ మద్రాసులోనే ఉండెడివి. అయితే 1883 నాటికి ఉత్తర సర్కారుల నుండి అక్కడికి నేరుగా రైలు మార్గమైనను లేదు. తూర్పు తీరపు రైలు మార్గము 1890 దశకంలో వేయబడగా, రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై వంతెన 1900లో పూర్తయినది.

ఆనంద గజపతి రాజు (1850-1897) మద్రాసు శాసనసభలో సభ్యుడు, సంగీత సాహిత్య పోషకుడు. మాక్స్ ముల్లర్ ఋగ్వేదము రెండవ ముద్రణకు ధనసహాయము చేసినది ఈయనే. గురజాడ అప్పారావు 1897లో ప్రచురించిన కన్యాశుల్కము నాటకమును ఈయనకే అంకితమిచ్చెను. ఉత్తరాంధ్ర సంస్థానాధీశులు నిర్మింపజేసిన పురమందిరములు వేరే కూడ ఉన్నవి. విశాఖపట్నం పాతనగరంలోని టౌన్ హాలు బొబ్బిలి రాజా దానము.

నిర్మాణశైలి

రూపశిల్పి రాబర్ట్ ఫెలోస్ చిషోమ్ (1840-1915). మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల, సెనేట్ హౌస్, తిరువనంతపురంలోని నేపియర్ మ్యూజియం ఆయన రూపకల్పనలే. కట్టినవాడు తాటికొండ నంబెరుమాళ్ శెట్టి. మద్రాసు హైకోర్టు భవనమును కూడ నిర్మించిన ఈ తెలుగు కంట్రాక్టరు చెట్‌పట్‌లోని ఇంటిలోనే గణిత శాస్త్రవేత్త శ్రీనివాస రామానుజన్ 1920లో కన్నుమూసెను.

భవనము సుమారు 48 మీటర్ల పొడవు, 24 మీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రము. ఎర్ర ఇటుకలను సున్నముతో కట్టి, చుట్టును అర్ధవృత్తాకారపు కమానులతో వరండాలు ఏర్పరచిరి. ఈ గుండ్రని కమాను రోము నిర్మాణ సంప్రదాయము నుండి వచ్చినది. బాంక్వెటింగ్ హాలులోని స్తంభాల వరుస, దానిపై త్రికోణపు ముఖభాగము ఇక్కడ కానరావు. సుమారు 34 మీటర్ల ఎత్తున లేచిన చతురస్రపు గోపురానికి తిరువాన్కూరు దేవాలయాలలోవలె వాలుగా దిగే కప్పు వేసిరి. తిరువనంతపురంలో నేర్చిన పాఠమును చిషోమ్ ఇక్కడ అన్వయించెనని చెప్పవచ్చును. పక్కనే 1913లో వెలసిన తెల్లని రిప్పన్ భవనము తిరిగి శాస్త్రీయ పాశ్చాత్య పద్ధతిని అనుసరించినది. రెండింటిని ఒకేసారి చూచుట విద్యార్థులకు మంచి పాఠము.

కింది అంతస్తులోను, పై అంతస్తులోను ఒక్కొక్క సభామందిరమున్నది. ఒక్కొక్కదానిలో సుమారు 600 మంది కూర్చుండవచ్చును. తూర్పున రెండు వందల మందికి పైగా పట్టే కొయ్య గ్యాలరీ ఉన్నది. నిర్మాణము 1880 దశకము చివరకు పూర్తయినది. 1887లో విక్టోరియా రాణి పాలనా స్వర్ణోత్సవము జరిగినందున ఆమె పేరు పెట్టిరి. చందాలిచ్చినవారి పేరు గాక ఏలినవారి పేరు నిలుచుట ఆ కాలపు రివాజు.

సభలు, నాటకాలు, చలనచిత్రాలు

1891లో ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరసవినోదినీ సభ బళ్ళారి నుండి వచ్చి ఇక్కడ తెలుగు నాటకాలు ఆడినది. వీటిని చూచి ఉత్తేజితుడైన పమ్మల్ సంబంధ ముదలియార్ ఆ సంవత్సరమే సుగుణ విలాస సభను స్థాపించెను. ఆధునిక తమిళ నాటకరంగానికి దారి చూపిన ఈ సంస్థ చాలాకాలము ఈ భవనములోనే ఉండెను. తమిళ నాటక చరిత్రలో తెలుగు నాటకానికి గల ఈ పాత్ర మన పాఠ్యపుస్తకాలలో అరుదుగా కనిపించును.

1897 ఫిబ్రవరి 9న స్వామి వివేకానంద, విదేశాల నుండి తిరిగివచ్చిన పిమ్మట, తన కార్యప్రణాళికను గూర్చి ఇక్కడ ఉపన్యసించెను. ఇంచుమించు ఆ రోజులలోనే స్టీవెన్సన్ అను ఫోటో దుకాణ యజమాని లఘు చిత్రాలను ప్రదర్శించెను. మద్రాసులో తొలి చలనచిత్ర ప్రదర్శనలలో ఇవి లెక్కింపబడుచున్నవి. తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య 1910లో క్రోనోమెగాఫోను యంత్రము తెప్పించి ధ్వనితో కూడిన చిత్రాలను ఇక్కడనే చూపెను.

లీజు వివాదం, పునరుద్ధరణ

భవనము నిలిచిన 57 గ్రౌండుల (3.14 ఎకరాల) నగరపాలక సంస్థ స్థలము, గ్రౌండుకు ఎనిమిది అణాల చొప్పున 1886 ఏప్రిల్ 1 నుండి 99 సంవత్సరాల లీజుపై ట్రస్టుకు ఇవ్వబడినది. తరువాతి కాలంలో సభలు తగ్గి, ప్రాంగణంలో హోటలు, దుకాణాలు వెలసినవి. 1985లో గడువు తీరగా ట్రస్టుకు, నగరపాలక సంస్థకు మధ్య వివాదము న్యాయస్థానానికి ఎక్కినది. స్థలము నగరానిది, భవనము చందాలతో కట్టినది అయినందున తగవు తేలుటకు చాలాకాలము పట్టినది. ఆ లోపల భవనము మూతబడి, కొయ్యపని, ఇటుక గోడలు శిథిలమైనవి. తుదకు నగరపాలక సంస్థ దీనిని స్వాధీనపరచుకొన్నది. 2023లో పునరుద్ధరణ పనులు మొదలైనవి.