చెంబు, చెరువు, కాలువ: డిజైన్ ఎక్కడ, ఇంజినీరింగ్ ఎక్కడ?

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న ప్రశ్న. డిజైన్, ఇంజినీరింగ్ రెండూ ఒకటేనా?

ఇంట్లో చెంబు చూడండి. కారకూడదు, కిందపడితే పగలకూడదు. ఇది ఇంజినీరింగ్. మెడ దగ్గర వేళ్లకు పట్టు దొరకాలి, వంచితే నీళ్లు ధారగా పడాలి. ఇది డిజైన్. అంటే వాడే మనిషిని ముందే తలుచుకోవడం. చెంబు బాగోలేకపోతే ఇంకోటి కొంటాం. చెరువో కాలువో అయితే? మన కడప, కర్నూలులోనే రెండు ఉదాహరణలున్నాయి.

మొదటిది కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించాడు. రోజుకు 1000 మంది కూలీలు, 100 బండ్లు, రెండేళ్ల పని. 1369 నాటి సంస్కృత శాసనంలో ఇదంతా ఉంది. అంతకన్నా విలువైనది ఇంకోటుంది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు రాశారు.

ఆ దోషాలు వినండి. కట్టలోంచి నీళ్లు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట. ఈ మూడూ కట్టేవాడి లెక్కలు. మరి మిగతా మూడు? రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. నీళ్లు తక్కువై, పారాల్సిన నేల ఎక్కువవడం. నీళ్లు ఎక్కువై, నేల తక్కువవడం. ఇవి వాడుకునేవాళ్ల లెక్కలు. కట్ట ఎంత గట్టిగా ఉన్నా ఇవి తప్పితే చెరువు తప్పినట్టే.

ఇప్పుడు ఐదు వందల ఏళ్లు ముందుకొద్దాం. కర్నూలు-కడప కాలువ, మనం కేసీ కెనాల్ అంటాం. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ మొదలుపెట్టింది. వెనకనున్న ఆలోచన సర్ ఆర్థర్ కాటన్‌ది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట, అక్కడినుంచి సుమారు 306 కిలోమీటర్లు. కర్నూలులో హంద్రీ నదిని అక్విడక్టు మీదుగా దాటించారు. నీళ్లు పారించడమే కాదు, పడవలూ నడపాలనుకున్నారు. ఇంజినీరింగ్‌గా పెద్ద పనే.

కానీ నీళ్లు తీసుకునేవాళ్లు ఏరీ? దారి పొడవునా చాలాచోట్ల నల్లరేగడి. వాన పడితే తేమ పట్టి ఉంచే నేల, జొన్న పండే నేల. ఎక్కువ తడిపితే జౌకుతుంది. పైగా నీటి తీరువ కట్టాలి. వాన బాగున్న ఏడు రైతుకు కాలువతో పనేముంది? 1876-78 ధాత కరువులో ఆ నీటి విలువ తెలిసింది. అయినా కంపెనీ నిలబడలేదు. 1882లో ప్రభుత్వమే కొనేసింది. అంటే నీళ్లున్నాయి, అడిగే పొలం లేదు. పోరుమామిళ్ళ శాసనంలోని ఆఖరి దోషంలాంటిదే ఇదీ.

ఇప్పుడు కథ తిరగబడింది. వరి పెరిగింది. ఆయకట్టు రెండున్నర లక్షల ఎకరాలు దాటింది. సుంకేసులలో నిల్వ 1.2 టీఎంసీలే. తుంగభద్రలో ప్రవాహం తగ్గితే చివరి ఊళ్లకు నీళ్లందవు. అది ఐదో దోషం.

కాలువ అదే. మారింది పంట, అవసరం, వాటా. అందుకే కొత్త ప్రాజెక్టు మాట వచ్చినప్పుడల్లా కట్ట ఎంత ఎత్తని అడిగి ఊరుకోకూడదు. ఏ నేలకు, ఏ పంటకు, చివరి పొలానికి ఎన్ని తడులకు సరిపోతుంది? ఆ ప్రశ్నా అడగాలి, పని మొదలవకముందే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.