సంస్థ మూతపడితే ఉద్యోగి హక్కులేమిటి?

సంస్థ మూతపడినంత మాత్రాన ఉద్యోగులకు చెల్లించవలసిన బకాయిలు రద్దు కావు. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులు, 2016 నాటి దివాలా స్మృతి ఈ విషయంలో యాజమాన్యాల బాధ్యతలను నిర్దేశిస్తున్నాయి. నియామక ఒప్పందంలో చట్టం కంటే మెరుగైన షరతులుంటే అవే వర్తిస్తాయి. చట్టం కల్పించిన హక్కును ఒప్పందం తగ్గించలేదు.

ముందస్తు సమాచారం, అనుమతి

50 మంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థ మూసివేతకు 60 రోజుల ముందు ప్రభుత్వానికి నోటీసు ఇవ్వాలి. 300 మంది లేదా అంతకు మించి ఉన్న కర్మాగారాలు, గనులు, తోటలు 90 రోజుల ముందే దరఖాస్తు చేసి అనుమతి పొందాలి. 60 రోజుల్లో ప్రభుత్వం నిర్ణయం తెలపకుంటే అనుమతి లభించినట్లే. అనుమతి లేని మూసివేత చట్టవిరుద్ధం. అప్పుడు సంస్థ నడుస్తున్నట్లే భావించి కార్మికులకు అన్ని ప్రయోజనాలూ ఇవ్వాలి.

చెల్లించవలసినవి

ఏడాది నిరంతర సేవ పూర్తయిన కార్మికునికి, ప్రతి సంవత్సర సేవకు 15 రోజుల సగటు వేతనం నష్టపరిహారంగా దక్కుతుంది. అనివార్య పరిస్థితుల్లో మూసివేస్తే మూడు నెలల సగటు వేతనమే గరిష్ఠ పరిమితి. అయితే ఆర్థిక ఇబ్బందులు, అమ్ముడుపోని సరుకు పేరుకుపోవడం మాత్రమే అనివార్య కారణాలు కావు.

గ్రాట్యుటీ దీనికి అదనం. సాధారణంగా ఐదేళ్ల సేవ, నిర్ణీతకాల ఉద్యోగులకు ఏడాది సేవ అవసరం. నెలకు 26,000 రూపాయల వేతనంతో పదేళ్లు పనిచేసిన ఉద్యోగికి 1,50,000 రూపాయలు రావాలి. మూసివేత వల్ల ఉపాధి కోల్పోయినవారికి మిగిలిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి.

నిర్వాహక బాధ్యతల్లో ఉన్నవారు, నెలకు 18,000 రూపాయలకు మించి పొందే పర్యవేక్షకులు కార్మికుల నిర్వచనంలోకి రారు. మూసివేత పరిహారం వారికి వర్తించదు. నోటీసు కాలానికి నియామక పత్రమే ప్రధాన ఆధారం. గ్రాట్యుటీ, భవిష్య నిధి హక్కులు మాత్రం వారికీ ఉంటాయి.

దివాలా తీస్తే

లిక్విడేషన్‌లో కార్మికుల గత 24 నెలల బకాయిలు తాకట్టు రుణదాతల బకాయిలతో సమాన ప్రాధాన్యం పొందుతాయి. ఇతర ఉద్యోగుల 12 నెలల వేతనం ఆ తర్వాతి స్థానంలో ఉంటుంది. భవిష్య నిధి, పింఛను, గ్రాట్యుటీ నిధులు లిక్విడేషన్ ఆస్తిలో చేరవు. 2019 ఏప్రిల్‌లో సేవలు ఆపివేసిన జెట్ ఎయిర్‌వేస్ లిక్విడేషన్‌కు సుప్రీంకోర్టు 2024 నవంబరులో ఆదేశించింది. వసూలు ఎంత సుదీర్ఘం కాగలదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

గుర్తుంచుకోవలసినవి

మూసివేత సమయంలో స్వచ్ఛంద రాజీనామా పత్రంపై సంతకం చేస్తే పరిహారపు హక్కు చేజారవచ్చు. నియామక పత్రం, వేతన చీటీలు, బ్యాంకు ఖాతా వివరాలు భద్రపరచుకోవాలి. వేతన బకాయిలపై మూడేళ్లలోగా కార్మిక శాఖ అధికారులను ఆశ్రయించవచ్చు. దివాలా ప్రక్రియ మొదలైతే, బహిరంగ ప్రకటనలో పేర్కొన్న గడువులోగా ఆధారాలతో క్లెయిము దాఖలు చేయాలి.