క్రూజ్ కంట్రోల్‌లో ఒక స్విచ్చి కథ

పుత్తూరు అంటే మా వైపు అందరికీ ముందు గుర్తొచ్చేది ఎముకల కట్టు. కాలో చెయ్యో విరిగితే చెన్నై నుంచి కూడా జనం అక్కడికి వస్తారు. నేను ఆగింది మాత్రం టైరు పంక్చరై. చక్రం ఊడదీస్తున్న మెకానిక్‌తో మాటల్లో, నెల రోజులుగా క్రూజ్ కంట్రోల్ పని చెయ్యట్లేదని చెప్పాను. బటన్ నొక్కితే డాష్‌బోర్డు మీద గుర్తు వెలుగుతుంది, స్పీడు మాత్రం నిలబడదు. అంతకుముందు చూపించిన వర్క్‌షాపులో బ్రేకు లైట్లు బాగానే వెలుగుతున్నాయి కాబట్టి స్విచ్చిలో లోపం లేదన్నారు. కావాలంటే రెండు వైర్లు కలిపేస్తాం, పనైపోతుందని కూడా అన్నారు.

పుత్తూరు మెకానిక్ స్కానర్ పెట్టాడు. పీ0504 అని కోడ్ వచ్చింది. "లైటు వెలగతా ఉండాది సార్, అయినా స్విచ్చే పోయుండాది" అన్నాడు.

ఇది వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ నిజం. బ్రేకు పెడల్ దగ్గరుండే ఆ చిన్న స్విచ్చిలో చాలా కార్లకు రెండు కాంటాక్టులు ఉంటాయి. కాలు తీసినప్పుడు ఒకటి తెరుచుకుని, రెండోది మూసుకుని ఉంటుంది. తొక్కితే రెండూ తారుమారవుతాయి. కారు కంప్యూటర్ రెండింటినీ చదువుతుంది. సాక్షులిద్దరూ చెరో మాటా చెబితే ఆ కోడ్ రాసుకుని, ముందు క్రూజ్‌ని ఆపేస్తుంది. లైటు వెలిగిందంటే ఒక సాక్షి బాగున్నట్టు మాత్రమే. ఇక వైర్లు కలిపెయ్యడమంటే రెండో సాక్షి నోట్లో అబద్ధం పెట్టడం. క్రూజ్ పని చేస్తుంది, నిజమే. బ్రేకు తొక్కినప్పుడు వదులుతుందన్న భరోసా ఉండదు.

ఇంత జాగ్రత్త ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే రాల్ఫ్ టీటర్ దగ్గర తేలాను. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 1890లో పుట్టాడు. అయిదేళ్ళప్పుడు కత్తి తగిలి ఒక కన్ను పోయింది, ఏడాది తిరిగేలోపు రెండోదీ పోయింది. అయినా పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1912లో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో యుద్ధనౌకల టర్బైన్ రోటర్లను సరిగ్గా బ్యాలెన్స్ చెయ్యడంలో పేరు తెచ్చుకున్నాడు. చేతివేళ్ళే ఆయన కొలబద్ద. (చేత్తో తడిమి విరుగుడు ఎక్కడుందో పట్టుకునే ఊళ్ళో నిలబడి ఈ మనిషిని తలుచుకోకుండా ఉండటం కష్టం.) తర్వాత పిస్టన్ రింగులు తయారుచేసే పర్ఫెక్ట్ సర్కిల్ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు.

కారు నడపలేని మనిషికి కారు వేగం మీద ఆలోచన ఎందుకు? ఆయన లాయరుకి మాట్లాడుతున్నప్పుడు స్లో చెయ్యడం, వింటున్నప్పుడు వేగం పెంచడం అలవాటట. పక్కన కూర్చున్న టీటర్‌కి ఆ కుదుపులు నచ్చలేదని చెబుతారు. చూపున్న వాళ్ళం రోడ్డు చూస్తూ కుదుపుల్ని పట్టించుకోం, ఆయనకి ప్రయాణమంటే ఆ కుదుపులే. పైగా రెండో ప్రపంచ యుద్ధకాలంలో టైర్లనీ పెట్రోల్‌నీ ఆదా చెయ్యడానికి అమెరికా ప్రభుత్వం గంటకి 35 మైళ్ళ పరిమితి పెట్టింది. వేగాన్ని అదుపులో ఉంచే సాధనం అవసరం అందరికీ తెలిసింది.

1950లో ఆయనకి పేటెంటు వచ్చింది. ఆ యంత్రం కారుని దానంతటది నడిపేది కాదు. డాష్‌బోర్డు మీద వేగం పెట్టుకుంటే, ఆ వేగం చేరగానే గవర్నర్ పని చేసి యాక్సిలరేటర్ పెడల్‌ని కాలికి ఎదురు నెట్టేది. గవర్నర్ కొత్త సంగతేమీ కాదు, ఆవిరి యంత్రానికి జేమ్స్ వాట్ 1788లోనే పెట్టాడు. కాలు పూర్తిగా తీసెయ్యగల వీలు తర్వాత వచ్చింది. పెట్టుకున్న వేగాన్ని పట్టి ఉంచడానికి విద్యుదయస్కాంత ఏర్పాటు ఒకటి చేర్చాడు. బ్రేకు తాకగానే అది వదిలెయ్యాలి. నా కారులో చెడిపోయిన స్విచ్చికి మూలపురుషుడు అక్కడున్నాడు. 1958లో క్రైస్లర్ దీన్ని 'ఆటో పైలట్' పేరుతో అమ్మింది. క్రూజ్ కంట్రోల్ అన్న పేరు కాడిలాక్ వాళ్ళది.

ఆ తర్వాత వ్యాక్యూమ్‌తో త్రాటిల్‌ని లాగే రకం వచ్చింది. అందులో చాలావాటికి బ్రేకు పెడల్ దగ్గర స్విచ్చితో పాటు గాలి వదిలే వాల్వు కూడా ఉండేది. కరెంటు మోసం చేసినా గాలి కాపాడుతుంది. ఇప్పటి కార్లలో త్రాటిల్‌కి తీగ లేదు, అంతా సిగ్నళ్ళే. అందుకే ఇద్దరు సాక్షులు.

ఈ కాపలాదారే ప్రమాదం తెచ్చిన సందర్భమూ ఉంది. ఫోర్డ్ కార్లు కొన్నింటిలో క్రూజ్‌ని ఆపే ప్రెషర్ స్విచ్చిని బ్రేకు మాస్టర్ సిలిండర్‌కి బిగించారు. తాళం తీసేసినా దానికి కరెంటు అందుతూనే ఉండేది. లోపలి పల్చటి పొర చిట్లి, బ్రేకు ఆయిల్ కాంటాక్టుల దాకా చేరి, తుప్పుపట్టి, వేడెక్కి, ఆపి ఉంచిన కార్లు అంటుకున్నాయి. 1999 నుంచి 2009 దాకా విడతలు విడతలుగా కోటికి పైగా బళ్ళని వెనక్కి పిలిచారు. మరమ్మతు ఏమిటయ్యా అంటే ఫ్యూజ్ ఉన్న చిన్న వైరు ముక్క మధ్యలో చేర్చడం! మొదటే పెట్టి ఉండాల్సింది.

పుత్తూరులో నా పని గంటలో అయింది. పక్క షాపులో స్విచ్చి దొరికింది. ధర ఆ రోజు మేం తిన్న టిఫిన్ కన్నా కాస్త ఎక్కువ. పాతదాన్ని మెలితిప్పి ఊడదీసి, కొత్తదాన్ని బిగించే ముందు పెడల్ కిందకి నొక్కి పట్టుకుని, దాని పిన్నుని బయటికి లాగాడు. వదిలితే పెడలే వచ్చి పిన్నుని దాని చోటుకి నెట్టుకుంటుందట. ముందే బిగించేసి సందు తేడా వస్తే మళ్ళీ ఇదే కథ.

కోడ్ చెరిపేసి నగరి దారి పట్టాం. ఎనభైలో బటన్ నొక్కాను, పట్టుకుంది. బ్రేకు మీద కాలు ఆనించాను, వదిలింది. మూడుసార్లు చూశాకే మెకానిక్ "ఇంక తిప్పండి సార్, అంగట్లో ఎవురూ లేరు" అన్నాడు.