హైపర్‌బారిక్ ఆక్సిజన్ చికిత్స: మెదడు, గుండె

మూసిన గదిలో రోగి చుట్టూ పీడనాన్ని మామూలుకన్నా రెండు మూడు రెట్లు పెంచి, ఆక్సిజన్ పీల్పించే పద్ధతి ఇది. మామూలు గాలి పీల్చినప్పుడు 100 మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్‌తో పనిలేకుండా కరిగి ఉండే ఆక్సిజన్ 0.3 మిల్లీలీటర్లే. మూడు రెట్ల పీడనంలో శుద్ధ ఆక్సిజన్ పీలిస్తే అది సుమారు 6 మిల్లీలీటర్లకు చేరుతుంది.

పీడనం పెంచే గదికి ఇంగ్లండ్ వైద్యుడు హెన్‌షా 1660లలోనే రూపకల్పన చేశాడు. ఆక్సిజన్ సంగతి అప్పటికింకా ఎవరికీ తెలియదు.

ఆ ఆక్సిజనే మోతాదు మించితే మెదడుకు విషమవుతుందని 1878లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బేర్ నిరూపించాడు. అధిక పీడనంలో అతని పక్షులు మూర్ఛతో గిలగిల్లాడాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈ ప్రమాదాన్ని మనుషులే తమ ఒంటిమీద పరీక్షించుకున్నారు. బ్రిటిష్ శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌కు అలాంటి ప్రయోగంలోనే మూర్ఛ వచ్చి వెన్నుపూస దెబ్బతింది. తర్వాత భారతదేశంలో స్థిరపడిన ఆ సాహసి, తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వాలని వీలునామా రాశాడు. బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు కెన్నెత్ డొనాల్డ్ 1947లో ప్రచురించిన ఫలితాలు మరింత కలవరపెట్టాయి: ఆక్సిజన్‌ను తట్టుకునే శక్తి మనిషి మనిషికే కాదు, ఒకే మనిషిలో రోజురోజుకీ మారుతోంది!

శరీరం మాత్రం చేతులు ముడుచుకు కూర్చోదు. 1953లో శాస్త్రవేత్త లాంబర్ట్‌సన్ బృందం 3.5 రెట్ల పీడనంలో ఆక్సిజన్ పీల్చినవారి మెదడుకు రక్త ప్రవాహం దాదాపు నాలుగో వంతు తగ్గినట్లు కొలిచింది. రక్తనాళాలు కుంచించుకుని, ముంచుకొచ్చే ఆక్సిజన్‌ను కొంతవరకు అడ్డుకుంటాయి. ఒంట్లోని ఇతర నాళాలూ బిగుసుకోవడంతో రక్తపోటు కాస్త పెరుగుతుంది. దాన్ని పసిగట్టిన నాడీవ్యవస్థ వేగస్ నాడి ద్వారా గుండె వేగాన్ని తగ్గిస్తుంది. గుండె నెమ్మదించడానికి ఇదొక ముఖ్య కారణం. రోగి ప్రశాంతంగా పడుకోవడం ఒక్కటే దీనికి కారణమనుకోవడం పొరపాటు.

1960లో ఆమ్‌స్టర్‌డామ్ శస్త్రవైద్యుడు బూరెమా పందుల రక్తంలో ఎర్రకణాలను దాదాపు పూర్తిగా తీసేసి, మూడు రెట్ల పీడనంలో, కరిగిన ఆక్సిజన్‌తోనే వాటిని బతికించి చూపాడు. ఆధునిక చికిత్సకు ఊపునిచ్చింది ఆ ప్రయోగమే.

నేడు మూర్ఛ ముప్పు తగ్గించడానికి చాలాచోట్ల మధ్యమధ్యలో ఆక్సిజన్ ఆపి మామూలు గాలి పీల్పిస్తారు. కార్బన్ మోనాక్సైడ్ విషానికి, లోతునుంచి పైకొచ్చిన డైవర్ల జబ్బుకు ఈ చికిత్స వైద్య సంఘాల ఆమోదం పొందింది. తలకు దెబ్బ తగిలిన అమెరికన్ సైనికులపై 2015లో వెలువడిన పరిశోధనలో మాత్రం అసలు చికిత్స, ఉత్తుత్తి చికిత్స అందుకున్న రెండు బృందాలూ ఒకేలా మెరుగుపడ్డాయి. ఆ మెరుగుదలను ఆక్సిజన్ ఖాతాలో వేయడానికి వీల్లేకపోయింది.